ఒకటో తరగతి ఇంగ్లీషు: టీచరుకు తోడెవరు?

నంద్యాలలో బస్సు దిగిన కొత్తవాళ్లకు ముందు కంటబడేది కోచింగ్ సెంటర్ల బోర్డులు. బ్యాంకు పరీక్షల కోసం డిగ్రీ పూర్తయిన పిల్లలు ఎక్కడెక్కడి జిల్లాల నుంచో ఇక్కడికొచ్చి హాస్టళ్లలో మకాం పెడతారు. వాళ్ల గుండెల్లో రైళ్లు పరిగెత్తించే పేపర్లలో ఇంగ్లీషు ఒకటి. ఇరవై రెండేళ్లొచ్చాక ప్రిపొజిషన్లూ టెన్సులూ మళ్లీ మొదటి నుంచి దిద్దుకుంటారు. దానికి ఫీజు కడతారు, దానికంటూ వేరే ఫ్యాకల్టీ ఉంటారు, రోజూ ఒక మాక్ టెస్టు ఉంటుంది.

అక్కడికి సుమారు నలభై కిలోమీటర్ల దూరంలో ఆళ్లగడ్డ. దాని చుట్టుపక్కల పల్లెల్లో ఇదే ఇంగ్లీషు ఆరేళ్ల పిల్లలకు మొదటిసారి చెవిన పడుతుంది. చెప్పేది ఎస్జీటీ. అంటే సెకండరీ గ్రేడ్ టీచరు. ఇంగ్లీషుకని ప్రాథమిక బడిలో వేరే మనిషి ఉండరు. విద్యాహక్కు చట్టం లెక్కన 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు. చిన్న ఊళ్లలో ఆ ఇద్దరిలో ఒకరు సెలవు పెడితే ఆ రోజుకు అది ఏకోపాధ్యాయ పాఠశాలే.

ఒక్కసారి లెక్క వేసి చూడాలి. ఐదు తరగతులకు తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు కలిపి 15 పాఠాలు. మూడు, నాలుగు, ఐదు తరగతులకు పరిసరాల విజ్ఞానం మరో 3. ఇద్దరు టీచర్లున్న బడిలో రోజుకు 18 పాఠాలు ఎలాగోలా ఆ ఇద్దరి మధ్యే సర్దుకోవాలి. మధ్యాహ్న భోజనం, హాజరు యాప్, ఫొటోల అప్‌లోడు దీనికి అదనం. ఈ పద్దెనిమిదింటిలో ఐదు పాఠాలు ఇంగ్లీషువి. ఆ ఐదు పాఠాలు చెప్పే మనిషికి ఎవరు, ఎప్పుడు, ఎలా సాయపడుతున్నారు? పదిహేనేళ్లుగా ఆంధ్రప్రదేశ్‌లో ఇంగ్లీషు మీద జరిగినంత రచ్చ మరే సబ్జెక్టు మీదా జరగలేదు. ఈ ప్రశ్న మాత్రం ఎప్పుడూ వెనక బెంచీలోనే ఉండిపోయింది.

రచ్చ సంగతి కొంత గుర్తు చేసుకోవాలి. 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం సక్సెస్ స్కూళ్ల పేరుతో హైస్కూళ్లలో ఆరో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం సెక్షన్లు తెరిచింది. ఒకప్పుడు పై తరగతుల్లో మొదలయ్యే ఇంగ్లీషు సబ్జెక్టు మూడో తరగతికి, ఆ తర్వాత ఒకటో తరగతికి దిగొచ్చింది. 2019 నవంబరులో జగన్మోహన్‌రెడ్డి ప్రభుత్వం 81, 85 నంబర్ల జీవోలతో ఒకటి నుంచి ఆరు దాకా అంతా ఇంగ్లీషు మీడియమే అన్నది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఆ జీవోలను కొట్టేసింది. బోధన వీలైనంతవరకు మాతృభాషలో ఉండాలన్న విద్యాహక్కు చట్టంలోని మాట ఆ వాదనల్లో కీలకమైంది. ప్రభుత్వం వెంటనే తల్లిదండ్రుల అభిప్రాయం సేకరించి, 96 శాతం మంది ఇంగ్లీషు మీడియమే కోరారని ప్రకటించి సుప్రీంకోర్టుకు వెళ్లింది. అదే ఏడాది వచ్చిన జాతీయ విద్యావిధానం కనీసం ఐదో తరగతి వరకు మాతృభాషలో చెప్పడం మేలంది.

ఈ గొడవలో రెండు పక్షాలకూ బలమైన వాదనలే ఉన్నాయి. ఒక పక్షం భాషా శాస్త్రాన్ని ముందు పెట్టింది, ఇంకో పక్షం కూలి పని చేసుకునే తల్లి ఆశను ముందు పెట్టింది. అప్పు చేసైనా పిల్లవాణ్ని ఆటో ఎక్కించి టౌన్లో కాన్వెంటుకు పంపే మనిషికి భాషా శాస్త్రం చెప్పి ఒప్పించడం ఎవరి తరమూ కాదు. కానీ ఏ పక్షం గెలిచినా సోమవారం పొద్దున బోర్డు ముందు నిలబడేది అదే ఎస్జీటీ. తెలుగు మీడియం అయితే ఆయన ఇంగ్లీషును ఒక సబ్జెక్టుగా చెప్పాలి, ఇంగ్లీషు మీడియం అయితే లెక్కలు కూడా అందులోనే చెప్పాలి. ఎటు తిరిగినా చిన్నపిల్లలకు పరాయి భాష నేర్పే పని ఆయన నెత్తినే ఉంది. మీడియం మీద ఇంత వాదించినవాళ్లు ఆయన చేతికి ఏమందిందో మాత్రం పెద్దగా ఆరా తీయలేదు.

అందినవి లేవని కాదు, చాలానే అందాయి. 2020 నుంచి ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో ఉండే ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. ఈ మొత్తం గొడవలో టీచర్లకు నిజంగా అక్కరకొచ్చిన వస్తువు ఇదేనేమో. లెక్కల పాఠంలో తడబడ్డ టీచరు తెలుగు పేజీ చూసి పిల్లలకు అర్థం చెప్పి, ఇంగ్లీషు పేజీకి రాగలడు. విద్యా కానుక సంచిలో చిన్న తరగతులకు బొమ్మల డిక్షనరీ వచ్చింది. నాడు–నేడు కింద ప్రాథమిక బడులకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. 2017లో మొదలైన దీక్షా పోర్టల్, 2019లో నిష్ఠా శిక్షణ, ఆ తర్వాత వరసగా యాప్‌లు వచ్చాయి. 2023 జూన్‌లో అమెరికాకు చెందిన ఈటీఎస్ సంస్థతో ఒప్పందం కుదిరి, మూడో తరగతి నుంచే టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష వచ్చిపడింది. మూడు, నాలుగు, ఐదు తరగతులకు టోఫెల్ ప్రైమరీ, ఆ పైవాళ్లకు టోఫెల్ జూనియర్. 2024 ఏప్రిల్‌లో పరీక్షలు కూడా జరిగాయి. ఆ జూన్‌లో ప్రభుత్వం మారింది, టోఫెల్ పోయింది.

టోఫెల్ పోయినందుకు కన్నీళ్లు పెట్టుకోనక్కర్లేదు. పరీక్ష ఏదైనా పిల్లవాడికి ఎంత వచ్చో కొలుస్తుంది, టీచరుకు ఎలా చెప్పాలో నేర్పదు. జ్వరం చూసే థర్మామీటరు మందు కాదు. కానీ దాన్ని తీసేసిన చోట ఏం పెట్టారన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. టోఫెల్‌కు కేటాయించిన పీరియడ్ ఖాళీ అయింది, సాయం రాలేదు.

ఇక శిక్షణల సంగతి. ఆంధ్ర దేశంలో ఇంగ్లీషు టీచర్ల శిక్షణకు పెద్ద చరిత్రే ఉంది. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పుట్టింది. ఇప్పటి ఇఫ్లూ విశ్వవిద్యాలయం అదే. 1963లో బెంగళూరులో దక్షిణ భారత ప్రాంతీయ ఇంగ్లీషు సంస్థ వచ్చింది. టీచర్లు రీసీ అని పిలుచుకునే ఆ సంస్థకు దక్షిణాది రాష్ట్రాలు ఇప్పటికీ టీచర్లను నెల రోజుల కోర్సుకు పంపుతున్నాయి. అక్కడికి వెళ్లొచ్చిన టీచరు మాటలో, నడకలో తేడా కనిపిస్తుందని తోటివాళ్లే అంటుంటారు. కానీ వెళ్లేది ఎందరు? వెళ్లొచ్చిన ఒకరిద్దరు మిగతావాళ్లకు నేర్పాలి. అక్కడ మొదలవుతుంది అసలు తిప్పలు.

ఈ పద్ధతికి తాతలాంటిది పక్కనే మద్రాసు రాష్ట్రంలో ఉంది. 1950ల చివర బ్రిటిష్ కౌన్సిల్ నిపుణుల సాయంతో అక్కడ ఒక భారీ కార్యక్రమం మొదలైంది. మొదటి మెట్టు ఇంగ్లీషు చెప్పే 27,000 మంది టీచర్లకు మళ్లీ శిక్షణ ఇవ్వాలన్నది దాని లక్ష్యం. కొద్దిమందికి నిపుణులు నేర్పితే వాళ్లు ఇంకొందరికి, ఆ ఇంకొందరు మరెందరికో నేర్పాలి. దొర్లుతూ పెరిగే మంచుగడ్డ పేరు మీద దాన్ని మద్రాస్ స్నోబాల్ అన్నారు. కర్నూలు, నంద్యాల అప్పటికే మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్రలో కలిశాయి కాబట్టి ఆ గడ్డ ఇటు దొర్లలేదు. పద్ధతి మాత్రం వచ్చి స్థిరపడింది. రాష్ట్ర స్థాయి రిసోర్స్ పర్సన్లు, వాళ్ల కింద జిల్లా వాళ్లు, వాళ్ల కింద మండలం వాళ్లు, చివరికి టీచర్లు. ఇవాళ్టికీ ఏ కొత్త పుస్తకం వచ్చినా, ఏ కొత్త పథకం వచ్చినా దిగేది ఈ మెట్ల మీదుగానే. పైన పది రోజులు జరిగిన శిక్షణ మండలానికి వచ్చేసరికి మూడు రోజులవుతుంది. అందులోనూ ఒక పూట రిజిస్ట్రేషను, టీఏ బిల్లులు. ముందు జారిపోయేది ఆచరణ భాగమే. పాఠం చెప్పి చూపించడం పోతుంది, స్లైడ్లు మిగులుతాయి.

బెంగళూరు అనుభవం ఇంకో సంగతి చెబుతుంది. 1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు రీసీ కేంద్రంగా నడిపిన బెంగళూరు ప్రాజెక్టు ప్రపంచమంతా చదివే ప్రయోగమైంది. వ్యాకరణం పక్కనపెట్టి, పిల్లలకు ఏదో ఒక చిక్కుముడి ఇచ్చి, దాన్ని విప్పే క్రమంలో భాష వచ్చేలా చేయడం దాని పద్ధతి. రైల్వే టైంటేబుల్ చదవడం, మ్యాపులో దారి వెతకడం లాంటివి. తర్వాత జరిగిన మూల్యాంకనంలో ఒక చేదు నిజం బయటపడింది. ప్రాజెక్టు బృందంలోని వాళ్లు చెప్పినంత బాగా మామూలు స్కూలు టీచర్లు ఆ పద్ధతిని అమలు చేయలేకపోయారు. ఎంత గొప్ప పద్ధతైనా, దాన్ని చేతబట్టే మనిషి పక్కన ఎవరూ లేకపోతే నాలుగు నెలల్లో పాత దారికే వస్తాడు.

రాయలసీమకు ఈ విషయంలో సొంత అనుభవమే ఉంది. 1980ల్లో బ్రిటన్ ప్రభుత్వ నిధులతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు నడిచింది. పాత టీచర్లు ఆపెప్ అంటే గుర్తు పడతారు. అది ఇంగ్లీషు కోసం పుట్టింది కాదు. కానీ కృత్యాలతో బోధన, నాలుగు బడుల టీచర్లు ఒకచోట కూర్చుని పాఠాలు పంచుకునే టీచర్స్ సెంటర్లు దాని పుణ్యమే. ఆ తర్వాత 1996 ప్రాంతంలో జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం (డీపీఈపీ) రాష్ట్రంలో ముందుగా వచ్చిన ఐదు జిల్లాల్లో కర్నూలు ఒకటి. మండల రిసోర్స్ సెంటర్లు, మండల రిసోర్స్ పర్సన్లు అప్పటివే. కర్నూలు దగ్గర బి.తాండ్రపాడులోని డైట్ కాలేజీ ఇప్పటికీ ఈ ప్రాంతపు టీచర్ల శిక్షణకు పెద్ద దిక్కు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల విడి జిల్లా అయినా ఆ బంధం తెగలేదు. ఏ మూలన చూసినా టీచర్‌కు తోడుగా ఉండాల్సిన వ్యవస్థ కాగితం మీద ఉంది. ఇప్పుడు స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలున్నాయి, క్లస్టర్ రిసోర్స్ మొబైల్ టీచర్లున్నారు, మండలానికి ఇద్దరు ఎంఈవోలున్నారు.

ఇంత ఉన్నా తరగతి గదిలో ఏం జరుగుతోందో ఒకసారి దగ్గరికెళ్లి చూడాలి.

ఒకటి, రెండు తరగతులు కలిపి కూర్చోబెట్టిన గది. గుమ్మంలో ఆలస్యంగా వచ్చిన పిల్ల నిలబడి ఒక్క ఊపున అంటుంది: “మేఐకమిన్ మేడం!” మేడం తల ఊపితే లోపలికొస్తుంది. కాసేపటికి ఇంకొకడు లేచి చిటికెన వేలు చూపించి “మేఐగోటు టాయ్‌లెట్ మేడం” అంటాడు. హాజరు పిలిస్తే “ప్రజెంట్ మేడం” అని వరసగా పలుకుతారు. తర్వాత పుస్తకాలు తీస్తారు. మేడం ఒక వాక్యం చదువుతుంది, పిల్లలు గొంతు కలిపి తిరిగి చదువుతారు. ఆమె తెలుగులో అర్థం చెబుతుంది. వాక్యం మళ్లీ. చివర బోర్డు మీది ప్రశ్నకు జవాబు కూడా ఆమే రాస్తుంది, పిల్లలు నోట్సులోకి ఎక్కించుకుంటారు. పీరియడ్ మొత్తంలో పిల్లలు తమంతట తాము, అవసరం కోసం వాడిన ఇంగ్లీషు ఏదైనా ఉందంటే, గుమ్మం దగ్గరదీ చిటికెన వేలుదీ మాత్రమే. ఆ రెండు వాక్యాలు ఏ పాఠంలోనూ లేవు, ఏ పరీక్షలోనూ రావు. అయినా బడి మానేసినవాడికి కూడా జీవితాంతం గుర్తుంటాయి. ఎందుకంటే వాటితో పని ఉంది.

చిన్నపిల్లల ఇంగ్లీషు బోధనలో కీలకం అక్కడే ఉంది. “కూర్చో”, “బోర్డు చూడు”, “నీ పెన్సిల్ ఎవరికిచ్చావ్?”, “ఇంకొక్కసారి చెప్పు” లాంటి యాభై అరవై మాటలు టీచరు రోజూ ఇంగ్లీషులోనే అంటే, మూడు నెలల్లో పిల్లలు వాటికి స్పందిస్తారు. ఆరు నెలల్లో తిరిగి అంటారు. దీనికి డబ్బు ఖర్చు లేదు. కావలసిందల్లా టీచరు నోరు తెరిచే ధైర్యం. సరిగ్గా అదే కొరవడుతోంది. ఎస్జీటీగా రావాలంటే టెట్ రాయాలి. మొదటి పేపరులో 150 మార్కులకు ఇంగ్లీషు 30. తర్వాత డీఎస్సీ, అదీ కంప్యూటర్ ముందు కూర్చుని నాలుగింటిలో ఒకటి ఎంచుకునే పరీక్షే. ఎక్కడా ఎవరూ “రెండు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడమ్మా” అని అడగరు. అడగనిది నేర్చుకోలేదని టీచరును తప్పుపట్టడం అన్యాయం. చాలామంది ఎస్జీటీలు తెలుగు మీడియంలో చదివి, ఇంటర్లో గైడు చూసి ఇంగ్లీషు గట్టెక్కినవాళ్లే. గ్రామర్ తెలుసు, రాయడం వచ్చు. పిల్లల ముందు తప్పు మాట్లాడతానేమో, పక్క గదిలోని సారు వింటాడేమో అన్న బెరుకు మాత్రం పోదు.

ఆ బెరుకు మూడు రోజుల శిక్షణలో పోదు, వీడియోలతోనూ పోదు. ఈ మాటకు ఇప్పుడు గట్టి ఆధారమే ఉంది, అదీ మన పరిస్థితికి చాలా దగ్గరగా ఉన్న దేశం నుంచి. దక్షిణాఫ్రికాలో చాలామంది ప్రాథమిక బడి పిల్లలకు ఇంగ్లీషు ఇంటి భాష కాదు. స్వాతి, జులు వంటి భాషలు మాట్లాడే పిల్లలు మొదటి తరగతుల్లో ఇంగ్లీషును అదనపు భాషగా చదువుతారు. అక్కడి మపుమలాంగా రాష్ట్రంలో 180 ప్రభుత్వ బడులతో మూడేళ్ల పాటు ఒక ప్రయోగం చేశారు. కొన్ని బడుల టీచర్లకు పాఠ్య ప్రణాళికలు, సామగ్రి ఇచ్చారు; వాటితో పాటు ఒక కోచ్ స్వయంగా బడికే వచ్చేవారు, తరగతిలో కూర్చుని చూసి తర్వాత టీచరుతో మాట్లాడేవారు. ఇంకొన్ని బడుల టీచర్లకు అదే సామగ్రి ట్యాబ్‌లో ఇచ్చి, కోచ్ ఫోన్లో, మెసేజ్‌లలో సలహా ఇచ్చేవారు. మిగతావి మామూలుగానే నడిచాయి. మొదట్లో రెండు పద్ధతులూ ఇంచుమించు ఒకేలా కనిపించాయి. మూడేళ్లు గడిచేసరికి తేడా తేలింది. మనిషి వచ్చిన బడుల పిల్లలు ఇంగ్లీషు మాట్లాడటంలోనూ చదవడంలోనూ ముందుకెళ్లారు. ట్యాబ్ బడుల పిల్లలకు మాట్లాడటంలో కొంత లాభం కలిగింది, చదవడంలో ఏమీ లేదు. పైగా ఆ పిల్లల ఇంటి భాష చదువు కొంచెం దెబ్బతింది.

ఆ చివరి సంగతి ఆంధ్రప్రదేశ్‌లో ఇరు పక్షాలూ వినాల్సింది. ఇంగ్లీషు టీచరుకు సరైన తోడు లేకపోతే నష్టం ఇంగ్లీషుతో ఆగదు, తెలుగుకూ తగులుతుంది.

అదే దేశంలో అంతకుముందు సెత్స్వానా చదువు మీద చేసిన ఇంకో ప్రయోగంలోనూ హాలులో కూర్చోబెట్టి ఇచ్చిన శిక్షణ కంటే బడికి వచ్చే కోచ్ ఫలితం సుమారు రెట్టింపు తేలింది. కెన్యా ఈ పాఠాన్ని దేశమంతటికీ విస్తరించింది. 2015లో మొదలైన తుసోమే కార్యక్రమంలో ఇంగ్లీషు, కిస్వాహిలీ రెండింటికీ ప్రతి పిల్లకూ పుస్తకం, ప్రతి టీచరుకూ గైడు ఇచ్చారు. అంతకుముందు నుంచే ఉన్న ప్రభుత్వ పర్యవేక్షకులనే కోచ్‌లుగా మార్చారు. వాళ్ల చేతికి ట్యాబ్ ఇచ్చి, ఏ తరగతిలో ఏం చూశారో అక్కడే నమోదు చేయించారు. బళ్లకు వెళ్లినందుకే ప్రయాణ ఖర్చు వచ్చేలా కట్టుదిట్టం చేశారు. కొత్త ఉద్యోగాలు సృష్టించలేదు, ఉన్న ఉద్యోగాల పని మార్చారు. బంగ్లాదేశ్ ఇంకో దారి తొక్కింది. 2008 నుంచి దాదాపు దశాబ్దం నడిచిన ఇంగ్లీష్ ఇన్ యాక్షన్ కార్యక్రమంలో టీచర్ల ఫోన్లలోనే, మెమరీ కార్డు మీద, వాళ్ల లాంటి బళ్లలోనే తీసిన పాఠాల వీడియోలు పెట్టి ఇచ్చారు. ఇంటర్నెట్ అవసరం లేదు. అంతకంటే తెలివైన పని ఇంకోటుంది. ఒక బడి నుంచి ఒక్కరిని కాక ఇద్దరిని జంటగా చేర్చుకున్నారు. వీడియో చూసి ఇద్దరూ మాట్లాడుకుంటారు, ఒకరి తరగతి ఒకరు చూస్తారు. మన రెండు టీచర్ల బడికి ఇది అతికినట్టు సరిపోతుంది.

ధనిక దేశాలకూ ఈ తిప్పలు తప్పలేదు. దక్షిణ కొరియా 1997లో మూడో తరగతి నుంచి ఇంగ్లీషు పెట్టినప్పుడు ప్రాథమిక టీచర్లకు 120 గంటల శిక్షణ పెట్టుకుంది. జపాన్ 2020లో గానీ ఐదు, ఆరు తరగతుల్లో ఇంగ్లీషును పూర్తి సబ్జెక్టు చేయలేకపోయింది. యూరప్‌లో ఏడు దేశాల్లో 1,400 మందికి పైగా పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించిన ఎల్లీ అధ్యయనం 2011లో చెప్పిందీ ఇదే: త్వరగా మొదలుపెట్టినంత మాత్రాన భాష రాదు. టీచరు భాషా సామర్థ్యం, బడి బయట ఆ భాష వినబడటం చాలా తేడా తెస్తాయి. ఆళ్లగడ్డ పల్లెలో బడి బయట ఇంగ్లీషు వినబడేది ఫోన్లో, క్రికెట్ కామెంటరీలో. అందువల్ల మిగిలిన బరువంతా టీచరు మీదే.

మన జిల్లాకు తిరిగొస్తే, కోచ్ అనదగ్గ మనిషి ఇక్కడా ఉన్నాడు. ఆయన పేరే క్లస్టర్ రిసోర్స్ మొబైల్ టీచరు. బడి బడికీ తిరగాలని పేరులోనే ఉంది, తిరుగుతాడు కూడా. కాకపోతే ఆయన బండి వెనక ఎక్కువగా ఉండేది పుస్తకాల కట్టలు, యూనిఫాం లెక్కలు, పిల్లల వివరాల ఫారాలు. బడికొచ్చి ఆయన అడిగే మొదటి మాట “మేడం, ఆ డేటా ఈ రోజే పంపాల, పైనుంచి ఫోన్లు చేస్తాండారు” అని. ఇంగ్లీషు పీరియడ్‌లో వెనక కూర్చుని చూసే తీరిక ఆయనకు లేదు. అందుకు కావలసిన శిక్షణా చాలామందికి ఇవ్వలేదు. కాంట్రాక్టు ఉద్యోగం, చాలీచాలని జీతం. నిజానికి ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక ఇంగ్లీషుకు ఇంతకంటే చవకైన సంస్కరణ ఇంకోటి దొరకదు. ఈ మనిషిని డేటా పని నుంచి సగం తప్పించి, నెలకు ప్రతి బడికీ ఒక పూట తరగతిలో కూర్చోబెట్టడమే అది. ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల రుణంతో చేపట్టిన సాల్ట్ ప్రాజెక్టు లక్ష్యాల్లో టీచర్ల సామర్థ్యం కూడా ఉంది కాబట్టి నిధుల్లేవనే సాకూ చెల్లదు.

జీవో 117 కథ కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2022 జూన్‌లో వచ్చిన ఆ జీవో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్లలో కలిపింది. ఇంగ్లీషుకు బీఎడ్ చేసిన సబ్జెక్టు టీచరు దొరకడం దానివల్ల వచ్చిన మేలు. ఎనిమిదేళ్ల పిల్లలు రోడ్డు దాటి ఊరవతలి హైస్కూలుకు నడవాల్సి రావడం, ఊరి బడి ఒకటి రెండు తరగతులతో వెలవెలబోవడం దాని కీడు. తల్లిదండ్రులు చాలాచోట్ల ఎదురు తిరిగారు. 2025లో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసి, తరగతికో టీచరుండే మోడల్ ప్రైమరీ స్కూళ్ల దారి పట్టింది. పిల్లలు ఊరికి తిరిగొచ్చారు, సబ్జెక్టు టీచరు హైస్కూల్లోనే ఉండిపోయాడు. ఆయన్ని వారానికి ఒక పూట ప్రైమరీ బడికి పంపి, అక్కడి ఎస్జీటీతో కలిసి పాఠం చెప్పించే ఏర్పాటు ఉంటే రెండు మేళ్లూ దక్కేవి. ఆ జీవో పెట్టినవాళ్లకూ తీసినవాళ్లకూ ఈ మధ్యే మార్గం కనపడలేదు. మన రాజకీయాల్లో అది మామూలే.

ఇంకో చిక్కు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నంద్యాల జిల్లాలో ఇంట్లో తెలుగు మాట్లాడని పిల్లలు కొద్దిమంది కాదు. తండాల పిల్లలకు ఇంటి భాష లంబాడీ. నంద్యాల టౌన్లో ఎందరో పిల్లలకు ఉర్దూ. వాళ్లకు ఇంగ్లీషు రెండో భాష కాదు, మూడోది. ద్విభాషా పుస్తకంలోని తెలుగు వాళ్లకు ఊతకర్ర కాదు, అది కూడా ఎక్కాల్సిన మెట్టే. టీచరుకు ఇచ్చే గైడులో ఈ పిల్లల కోసం ఏం చేయాలో నాలుగు పేజీలుంటే చాలు, ఎంతో ఊరట. చెట్టు, చేయి, నీళ్లు, రొట్టె లాంటి యాభై మాటలకు లంబాడీలో, ఉర్దూలో పేర్లు రాసిన ఒక్క చార్టు గోడ మీద ఉంటే బడికి కొత్తగా వచ్చిన పిల్లకు ఆ గది తనదనిపిస్తుంది. ఆ చార్టు అమ్మలే రాసివ్వగలరు.

సముద్రాల అవతల ఇదే సమస్య తిరగబడి ఉండటం చూస్తే కాస్త నవ్వొస్తుంది. 2007లో కాలిఫోర్నియాలో మొదలైన సిలికానాంధ్ర మనబడి అమెరికాలో పుట్టిన తెలుగు పిల్లలకు తెలుగు నేర్పుతోంది. అక్కడ తెలుగే పరాయి భాష. చెప్పేది బీఎడ్ చేసినవాళ్లు కాదు, వారమంతా ఆఫీసుల్లో పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తలు. అయినా అందరికీ ఒకే పుస్తకం, ఒకే పాఠ్య ప్రణాళిక, తోటి గురువుల నుంచి సలహా అందే ఏర్పాటు చేసుకున్నారు. ఫీజులు కట్టగలిగిన కుటుంబాలవి, వారానికొక తరగతి. రోజుకు పద్దెనిమిది పాఠాల బడిలోని ఎస్జీటీతో పోల్చడం న్యాయం కాదు. ఒక్కటి మాత్రం నేర్చుకోదగ్గది. ప్రభుత్వాలు మారినా వాళ్ల పుస్తకం మారదు.

మార్పుల మాటకొస్తే, 2025లో మెగా డీఎస్సీ జరిగింది. మొత్తం 16,347 పోస్టులు, అందులో ఎస్జీటీలవి 6,371. ఉమ్మడి కర్నూలు జిల్లాకు వచ్చినన్ని పోస్టులు మరే జిల్లాకూ రాలేదు. సెప్టెంబరు 25న అమరావతిలో నియామక పత్రాలు అందుకున్నవాళ్లలో చాలామంది ఇప్పుడు నంద్యాల, ఆళ్లగడ్డ, ఆత్మకూరు ప్రాంతాల బళ్లలో ఉన్నారు. వయసులో చిన్నవాళ్లు, ఫోను వాడకం తెలిసినవాళ్లు. కొందరు ఒకటి నుంచి ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్లు. పాతవాళ్లతో పోలిస్తే నోరు తెరవడానికి వీళ్లకు బెరుకు తక్కువ. చిన్నపిల్లల తరగతిని అదుపులో పెట్టే ఒడుపు మాత్రం పాతవాళ్లకే ఎక్కువ. కాంప్లెక్స్ సమావేశాల్లో ఇద్దరినీ జంట చేసి, ఒకరి పాఠం ఒకరు చూసే ఏర్పాటు చేయడానికి జీవో కూడా అక్కర్లేదు, హెచ్ఎం తలుచుకుంటే చాలు. టైంటేబుల్లో రెండు పీరియడ్లు అటూ ఇటూ జరిపితే సరిపోతుంది.

కొత్త బదిలీల చట్టం ప్రకారం ఒక టీచరు ఒక బడిలో గరిష్ఠంగా 8 ఏళ్లు ఉండవచ్చు. అంటే ఒకటో తరగతిలో చేరిన పిల్ల ఐదు దాటి వెళ్లేదాకా అదే మేడం ఉండే వీలుంది. ఆ ఐదేళ్లలో ప్రభుత్వం మారవచ్చు. క్లస్టర్ టీచర్ల పని ఏమిటో, కాంప్లెక్స్ సమావేశాల్లో ఏం జరగాలో కనీసం ఆ ఐదేళ్లూ మారకుండా ఉంచాలని ఉపాధ్యాయ సంఘాలు అడగాల్సిన సమయమిది. బదిలీల కోసం, పీఆర్సీ కోసం ధర్నా చౌక్ ఎక్కిన సంఘాలు ఇంగ్లీషు పీరియడ్‌లో తోడు కావాలని ఇంతవరకు గట్టిగా అడిగింది లేదు.